1/25 అమెరికన్ లా ఫ్రాన్స్ పంపర్: క్యాబు లోపలి రంగులు, డీటెయిలింగ్

ఎర్రబండి25:
ఏఎమ్‌టీ వాళ్ల 1/25 (అసలు బండిలో ఇరవై ఐదో వంతు) ప్లాస్టిక్ మోడల్ కిట్, అమెరికన్ లా ఫ్రాన్స్ పంపర్ అనే ఫైరింజను, మొదలుపెట్టాను. ఎర్ర ప్లాస్టిక్‌లో పోసిన పాత బాక్సు. జంప్ సీట్ల (డ్రైవరు వెనక సిబ్బంది కూర్చునేవి) వైపు తలుపుల్లేవు కాబట్టి లోపల ఏం చేసినా బయటికి కనిపిస్తుంది. సందేహాలు ఇవి. నేల, సీట్లు, డ్యాష్‌బోర్డు అన్నీ నలుపు వేసెయ్యమంటోంది ఇన్‌స్ట్రక్షన్ షీటు. అలా వేస్తే లోపల చీకటి గుహలా ఉండదా? రెండోది, క్యాబు కప్పు లోపలివైపు లేత బూడిద వేస్తే మర్నాటికి గులాబీ రంగు తేలింది. మూడోది, డ్యాష్ మీద గడియారాలు (స్పీడోమీటరు, గేజీలు) చిన్న ఉబ్బులే, డెకాల్స్ (వాటి మీద అతికించే బొమ్మల స్టిక్కర్లు) పసుపెక్కి పనికిరాకుండా పోయాయి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది కూడా చెప్పండి.

పునాదికోటు:
ముందు గులాబీ సంగతి. అది మీ పెయింటు తప్పు కాదు. ఎర్ర ప్లాస్టిక్‌లోని రంగు పదార్థం ఘాటైన సాల్వెంటు తగిలితే కరిగి పైకి ఊరుతుంది. ల్యాకర్ ప్రైమరు (రంగు కింద వేసే తొలి కోటు), స్ప్రే డబ్బాలు వాడితే ఇంకా ఎక్కువ. పైన తెలుపు మీద తెలుపు ఎన్ని కోట్లు వేసినా ప్రతి కోటులోని సాల్వెంటూ మళ్లీ కిందనుంచి ఎరుపును లాగుతూనే ఉంటుంది. అందుకే మూడో కోటు తర్వాత కూడా తగ్గదు.

చెయ్యాల్సింది: ఇప్పుడున్న పొరను 1000 నంబరు శాండ్ పేపర్‌ను తడిపి నున్నగా రుద్దండి. దాని మీద సిల్వర్ రంగు రెండు పలచని కోట్లు. అందులోని లోహపు రేకులు ఒకదాని మీద ఒకటి పరుచుకుని అడ్డుగోడ కడతాయి. ఒక రోజంతా ఆరనిచ్చి, పైన నీటితో పలచబరిచే అక్రిలిక్ బూడిద వెయ్యండి. మళ్లీ ల్యాకర్ వేస్తే గోడ కడిగేసుకున్నట్టే.

ఇంకో మాట. నలుపు, ముదురు బూడిద, ఎరుపు వేసే చోట్ల ఈ గొడవేమీ అక్కర్లేదు. కప్పు లోపలివైపు, తెల్లగా వేసే చోట్ల మాత్రమే సిల్వర్. క్యాబు మొత్తానికి వేస్తే రెండు పొరలు దండగ, అంచులు మొద్దుబారతాయి. పార్టు మీదికి పోయే ముందు అదే ప్లాస్టిక్ ఫ్రేము ముక్క మీద వేసి రెండు రోజులు చూడండి. ఊట ఒక్కోసారి ఆలస్యంగా బయటపడుతుంది.

డల్లాస్_గ్యారేజి:
అసలు బండి కట్టడం తెలిస్తే ఏ రంగు ఎక్కడో తేలిగ్గా అర్థమవుతుంది. లా ఫ్రాన్స్ వాళ్లు 1940ల్లో 700 సిరీస్‌తో క్యాబును ముందుకు జరిపారు, 1958లో వచ్చిన 900 సిరీస్‌లోనూ అదే పద్ధతి. డ్రైవరు ముందు ఇరుసు కంటే ముందు కూర్చుంటాడు. ఇంజిన్ అతని వెనక, రెండు జంప్ సీట్ల మధ్య మూత కింద ఉంటుంది. అందుకే ముందు సీట్ల మధ్య ఎత్తైన ఇంజిన్ మూత అడ్డు రాదు, కాళ్ల దగ్గర నేల విశాలంగా కనిపిస్తుంది. మోడల్లో మనం ఎక్కువ కష్టపడాల్సిందీ ఆ నేల మీదే.

రంగులు ఒక్కో ఊరి ఫైర్ డిపార్ట్‌మెంటు ఆర్డరును బట్టి మారతాయి. మామూలుగా కనిపించేది ఇది: తలుపుల లోపలి రేకు, స్తంభాలు బయటి ఎరుపే. సీట్లు నల్ల వినైల్. నేల మీద నల్ల రబ్బరు మ్యాటు గానీ డైమండ్ ప్లేటు (కాలు జారకుండా ఉబ్బు గీతలున్న లోహపు రేకు) గానీ. ఇంజిన్ మూత ఎరుపు, లేదా డైమండ్ ప్లేటు. ఏ ఊరి బండి చేస్తున్నారో ముందే తేల్చుకుని, ఆ బండి జంప్ సీటు వైపు నుంచి తీసిన ఫొటో ఒక్కటి సంపాదించండి. బయట నుంచి తీసిన ఫొటోలు ఇరవై ఉన్నా ఇక్కడ పనికిరావు.

సామాను అరల లోపల చాలా బండ్లలో జోలాటోన్ కొట్టేవాళ్లు. బూడిద రంగు మీద నలుపు, తెలుపు చుక్కలు చిమ్మినట్టుండే పెయింటు అది. గీతలు, మరకలు అందులో కలిసిపోతాయి కాబట్టి వాడేవాళ్లు.

ఓరుగల్లు_స్కేల్:
అన్నా, ఆ జోలాటోన్ చుక్కలు ఎట్ల వేయాలె? టూత్‌బ్రష్ మీద రంగు పూసి వేలుతో చిమ్మితే బాగనే వస్తది కదా?

డల్లాస్_గ్యారేజి:
రాదు తమ్ముడూ. లెక్క వేసి చూడు. అసలు చుక్క 2 మిల్లీమీటర్లు అనుకో. 1/25లో అది 0.08 మిల్లీమీటరు. టూత్‌బ్రష్‌తో చిమ్మిన చుక్క తేలిగ్గా అర మిల్లీమీటరు ఉంటుంది, అంటే అసలు బండి మీద పన్నెండు మిల్లీమీటర్ల మచ్చ. అర లోపలంతా పావురాలు కాపురం ఉన్నట్టు కనిపిస్తుంది.

ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పెన్ను) ఉంటే గాలి ఒత్తిడిని 5 పీఎస్ఐ దాకా దించి, రంగు కాస్త చిక్కగా ఉంచి, ముప్పై సెంటీమీటర్ల దూరం నుంచి ఒక్క క్షణం వదులు. ముందు కాగితం మీద చూసుకుని అప్పుడు పార్టు మీదికి. కింద లేత బూడిద, మీద చుక్కలకు అంతకంటే రెండు మెట్లు ముదురు బూడిద, తర్వాత ఒకే మెట్టు లేతది. అచ్చమైన నలుపు, అచ్చమైన తెలుపు వద్దు. అడుగు దూరం నుంచి చూస్తే చుక్కలు కనిపించకూడదు, ఏదో గరుకుదనం ఉందనిపించాలి. అది కుదరకపోతే ఒట్టి బూడిద వేసి వదిలెయ్యడం మేలు.

సన్నతీగ:
నలుపు ప్రశ్నకు వద్దాం. ఎర్రబండి గారూ, గుహలా కనిపించడానికి కారణం నలుపు వెయ్యడం కాదు, ఒకే నలుపు అన్నిచోట్లా వెయ్యడం. మూడు వస్తువులకు మూడు రకాలు కావాలి, అందులోనూ తేడా రంగులో కంటే మెరుపులో ఎక్కువ ఉండాలి.

(నంబర్లన్నీ టామియా కంపెనీ రంగులవి.) మ్యాటు: టామియా ఎక్స్‌ఎఫ్-85 రబ్బర్ బ్లాక్, అసలు మెరుపు లేకుండా.
సీట్లు: ఎక్స్-18 సెమీ గ్లాస్ బ్లాక్ రెండు పాళ్లు, ఎక్స్‌ఎఫ్-63 జర్మన్ గ్రే ఒక పాలు. వినైల్‌కు ఉండే ఆ కాస్త నునుపు దీనితో వస్తుంది. కూర్చునే చోట మధ్యలో జర్మన్ గ్రే ఇంకొంచెం కలిపి పలచగా ఒక పొగ కోటు.
డ్యాష్: ఎక్స్‌ఎఫ్-69 నాటో బ్లాక్. ఎండకు వెలిసిన నలుపులా కొంచెం బూడిదకు తిరిగి ఉంటుంది.
స్టీరింగ్ చక్రం: ఎక్స్-18 అలాగే. రోజూ చేతులు రుద్దుకునే వస్తువు, అన్నిటికంటే అదే మెరవాలి. రంగు వేసే ముందు చక్రం చుట్టూ ఉన్న అచ్చు గీత గీకెయ్యండి. అసలు చక్రం కమ్మీ 25 మిల్లీమీటర్ల మందం అనుకుంటే మనకు 1 మిల్లీమీటరు. లావుగా ఉంటే గీకే పనిలోనే సన్నబడుతుంది.

ఎక్స్‌ఎఫ్-1 ఫ్లాట్ బ్లాక్ సీసాను ఈ క్యాబు దగ్గరికే రానివ్వకండి. 1/25లో అచ్చమైన నలుపు మీద నీడ కనిపించదు, అంచు కనిపించదు, మీరు చేసిన పనీ కనిపించదు.

బెజవాడ_బ్రష్:
డైమండ్ ప్లేటు గురించి నాకు తెలిసినంత. అసలు బండిలో ఆ గీతలు మిల్లీమీటరున్నర ఎత్తు ఉంటాయనుకున్నా, మన స్కేల్లో 0.06. కిట్‌లో అంతకంటే ఎత్తుగానే పోశారు, అయినా రెండు చిక్కటి కోట్లు పడితే మునిగిపోతాయి. ప్రైమరు ఒక్క పలచని కోటు చాలు.

ఎక్స్‌ఎఫ్-16 ఫ్లాట్ అల్యూమినియం వెయ్యాలి. ఆరాక గ్లాస్ వార్నిష్. దాని మీద ముదురు బూడిద ఎనామెల్ వాష్ (సందుల్లోకి దిగేలా బాగా పలచబరిచిన రంగు). నల్ల వాష్ వద్దు, చదరంగం పలకలా తయారవుతుంది. పది నిమిషాలు ఆగి, దూది పుల్లతో గీతలకు అడ్డంగా తుడవాలి. గీతల వెంట తుడిస్తే సందుల్లోదంతా ఊడి వచ్చేస్తుంది. చివర్లో 6బి పెన్సిలు మొనను కాగితం మీద అరగదీసి, ఆ పొడిని వేలితో అద్దుకుని గీతల మీద తేలిగ్గా రాయండి. లోహం అరిగిన మెరుపు వస్తుంది. పెన్సిలు పొడి మీద మ్యాట్ వార్నిష్ వేస్తే ఆ మెరుపు చచ్చిపోతుంది, కాబట్టి వార్నిష్ పనులన్నీ అయ్యాకే పెన్సిలు.

పొడి ఎక్కడ రాయాలన్నదీ ముఖ్యమే. బూటు పడే చోటే: మెట్టు అంచు, జంప్ సీటు ముందు (అసలు బండి కొలతలో) జానెడు నేల, డ్రైవరు మడమ ఆనే చోటు. మూలల్లో అరుగుదల ఉండదు.

ఓరుగల్లు_స్కేల్:
ఎనామెల్ వాష్‌కు హార్డ్‌వేర్ షాపుల దొరికే టర్పెంటైన్ పనికొస్తదా? మోడలింగ్ థిన్నర్ మస్తు పిరం ఉంది.

పునాదికోటు:
పలచబరచడానికి పనికొస్తుంది, కానీ ప్లాస్టిక్‌కు నేరుగా తగలనివ్వకూడదు. పాలీస్టైరీన్ పార్టు ఎక్కడైనా వంగి, బలవంతంగా అతికి ఉంటే, ఆ బిగువు ఉన్న చోట టర్పెంటైన్ చేరి పగులు తెస్తుంది. సీటు కాళ్లు, పెడళ్లు, స్టీరింగ్ కాడ లాంటివి ఊరికే విరుగుతాయి. గ్లాస్ వార్నిష్ పూర్తిగా ఆరాకే వాష్ వెయ్యడం, చెరువులా నిలవనివ్వకపోవడం, ఈ రెండూ పాటిస్తే ఇబ్బంది లేదు. బ్రష్‌లు కడుక్కోవడానికి హార్డ్‌వేర్ షాపుది, మోడల్ మీద వేసేదానికి మోడలింగ్ థిన్నరు వాడితే ఖర్చూ కలిసొస్తుంది. వాష్‌కు ఎంత పడుతుంది, పది చుక్కలు.

గాజుచుక్క:
గడియారాల సంగతి నేను చెప్తాను.

మామూలు 2 అంగుళాల గేజి 1/25లో 2 మిల్లీమీటర్లు. స్పీడోమీటరు 4 అంగుళాలు అనుకుంటే 4 మిల్లీమీటర్లు. ఉబ్బు మీద పని చేసే పద్ధతి: గుంట లోపల నలుపు. కొత్త సూదిమొన బ్లేడుతో అంకెల చోట సన్నని గాట్లు. తెల్లరంగు బ్రష్‌కు పట్టించి, కాగితం మీద దాదాపు పూర్తిగా తుడిచేసి, ఉబ్బుల మీద తాకీ తాకనట్టు రాయాలి. ముల్లు ఒక్కటి మాత్రం సన్న బ్రష్‌తో. ఆగి ఉన్న బండి కాబట్టి ముళ్లన్నీ సున్నా దగ్గరే. స్పీడోమీటరు ముల్లు నలభై దగ్గర పెట్టి స్టేషన్లో నిలబెట్టిన మోడల్స్ చాలా ఉన్నాయి.

ప్రింటు తీసి అతికిస్తారా, ఫొటో కాగితం మీద లేజరు ప్రింటు తీసుకోండి. ఇంక్‌జెట్ అయితే పైన గాజు చుక్క వెయ్యగానే సిరా పాకుతుంది, ముందు వార్నిష్‌తో ముయ్యాలి. 2 మిల్లీమీటర్ల గుండ్రం కత్తెరతో రాదు, పంచ్ కావాలి. కోసిన కాగితం అంచు తెల్లగా మెరుస్తుంది, నల్ల మార్కరుతో అంచు చుట్టూ ఒకసారి తిప్పండి.

చుట్టూ క్రోమ్ వలయానికి మొలొటో లిక్విడ్ క్రోమ్. పెన్నులోది చిన్న మూతలో దించి, టూత్‌పిక్ కొసతో పెట్టండి. గట్టిపడటానికి రోజులు పడుతుంది, మధ్యలో వేలు తగిలితే మెరుపు పోయి మామూలు సిల్వర్‌లా మిగులుతుంది. పైన వార్నిష్ వేసినా అంతే.

అద్దానికి మైక్రో క్రిస్టల్ క్లియర్ ఒక్కో గేజికి ఒక్కో చుక్క. వేసేటప్పుడు పాలలా ఉంటుంది, ఆరాక స్వచ్ఛంగా అవుతుంది. డ్యాష్ పార్టును పడుకోబెట్టి ఆరనివ్వాలి. నిలబెడితే చుక్క కిందికి జారి కంట్లో నీళ్లు తిరిగినట్టు తయారవుతుంది. బుడగ కనిపిస్తే తడిగా ఉన్నప్పుడే సూదితో పొడవండి. ఫెవికాల్ చుక్క పెడదామని ఎవరైనా అడగబోతున్నారేమో. మందంగా పెడితే పూర్తిగా స్వచ్ఛంగా రాదు. ముందు అద్దాన్ని ఫ్రేముకు అతికించడానికి మాత్రం అది భేషుగ్గా పనిచేస్తుంది.

ఎర్రబండి25:
అడగబోయాను, ముందే చెప్పేశారు. ముందు అద్దం ఫెవిక్విక్‌తో అతికిస్తే చుట్టూ తెల్లని మసక వచ్చిందని ఎక్కడో చదివాను. అందుకే ఫెవికాలా?

గాజుచుక్క:
అవును. ఫెవిక్విక్ రకం జిగురు ఆరేటప్పుడు వచ్చే ఆవిరి అద్దం మీద పేరుకుని తెల్లబడుతుంది. మూసి ఉన్న క్యాబులో ఆ ఆవిరికి బయటికి దారి లేదు, కాబట్టి ఇంకా ఎక్కువ. లోపల ఏ చిన్న పార్టు ఫెవిక్విక్‌తో అతికించినా, ఆ తర్వాత ఒక రోజు గాలికి వదిలి అప్పుడే అద్దం పెట్టాలి. అద్దం మాత్రం ఫెవికాల్ సన్నగా పూసి, మిగిలింది తడి దూది పుల్లతో తుడిచెయ్యండి.

సన్నతీగ:
రేడియో మైకు తీగ. డ్యాష్ కింద వేలాడే ఆ మెలికల తీగ ఒక్కటి ఉంటే చాలు, క్యాబు ఒక్కసారిగా నిజమనిపిస్తుంది. మోటార్ వైండింగ్ షాపులో 36 గేజి రాగి తీగ అడగండి. మందం 0.19 మిల్లీమీటరు. గిటారు మొదటి తీగ, 009 అని అమ్మేది, 0.23 మిల్లీమీటరు. రాగి తీగను దాని మీద పక్కపక్కనే చుట్టి లాగేస్తే మొత్తం మందం 0.6 వస్తుంది. అసలు బండిలో 15 మిల్లీమీటర్ల మెలికల తీగ అన్నమాట. పదిహేను చుట్లు చాలు. టూత్‌పిక్ మీద చుట్టినవి చూస్తుంటాం, అది స్కేల్లో ఐదు సెంటీమీటర్ల స్ప్రింగు.

చుట్టాక కొంచెం సాగదీసి, రెండు కొసలూ నిటారు చేసి, అప్పుడు రంగు. రాగి తీగ మీద ప్రైమరు లేకుండా అక్రిలిక్ వేస్తే వంచిన చోటల్లా పెచ్చులూడుతుంది. మైకు పెట్టె 0.5 మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటు రెండు పొరలు, 2.5 వెడల్పు, 3.5 ఎత్తు.

పెడళ్ల పక్కన నేల మీద సైరను కాలి స్విచ్ మర్చిపోకండి. 2 మిల్లీమీటర్ల చక్రం, దాని మీద 1 మిల్లీమీటరు బొడిపె.

డల్లాస్_గ్యారేజి:
జంప్ సీట్ల వెనక ఊపిరి సిలిండర్లు కూడా కలపండి. అసలు సిలిండరు సుమారు 170 మిల్లీమీటర్ల వ్యాసం, అర మీటరు పొడవు. మనకు 6.8, 20. ఎవర్‌గ్రీన్ పావు అంగుళం గొట్టం 6.3 మిల్లీమీటర్లు, తేడా కంటికి తెలియదు. పై కొసకు పుట్టీ పెట్టి గుండ్రంగా రుద్దండి, మూతలా చదునుగా వదిలేస్తే టిన్ను డబ్బా అయిపోతుంది. పట్టీలు మాస్కింగ్ టేపు నుంచి ఒకటిన్నర మిల్లీమీటరు వెడల్పున కోసినవి. రంగు ఫొటోలో ఏదుంటే అదే, పసుపు చాలాచోట్ల కనిపిస్తుంది. రెండు సిలిండర్లూ ఒకే కొత్తదనంతో ఉండకూడదు. ఒకదానికి కింది అంచున నాలుగు చిన్న సిల్వర్ గీతలు చాలు.

మాసిన పని అంటే ఇంతవరకే. అమెరికాలో ఫైర్ స్టేషన్ బండిని సిబ్బంది తోమి పెట్టుకుంటారు. యుద్ధ ట్యాంకుకు వేసినట్టు బురద, తుప్పు వేస్తే అబద్ధం. ఒక్క మ్యాటు అంచుల్లో ఎక్స్‌ఎఫ్-57 బఫ్, ఒకటికి పది పాళ్లు థిన్నరు కలిపి, ఒక్క కోటు.

ఓరుగల్లు_స్కేల్:
ఇదే క్యాబును మన దిక్కు ఫైరింజను లెక్క చేయొచ్చా? స్టీరింగ్ కుడి దిక్కుకు మార్చి, రంగు మార్చి?

బెజవాడ_బ్రష్:
ఎందుకు బాబూ ఆ కష్టం. స్టీరింగ్, పెడళ్లు, డ్యాష్ అన్నీ అద్దంలో చూసినట్టు తిప్పి కొత్తగా కట్టాలి. అంతా చేశాక కూడా అది లా ఫ్రాన్స్ క్యాబే. మన వాటర్ టెండర్లు టాటా, అశోక్ లేలాండ్ లారీ చాసిస్ మీద కట్టినవి. క్యాబు ఆకారమే వేరు. చేస్తే 1/24 లారీ కిట్ నుంచి మొదలుపెట్టి బాడీ ప్లాస్టిక్ షీటుతో కట్టుకోవాలి.

అప్పుడు పనికొచ్చే లెక్కలు: రంగు ఐఎస్ 5 (భారత ప్రమాణాల రంగుల పట్టిక)లో 536వ నంబరు ఫైర్ రెడ్. హోస్ 63 మిల్లీమీటర్లది, 1/24లో 2.6. చప్పగా మడిచి పెట్టినప్పుడు వెడల్పు చుట్టుకొలతలో సగం, అంటే అసలు 100, మనకు 4 మిల్లీమీటర్ల పైచిలుకు. పైజామా నాడా ఎనిమిది, పది ఉంటుంది కాబట్టి పనికిరాదు. సాటిన్ రిబ్బను మెరుస్తుంది. 4 మిల్లీమీటర్ల నూలు టేపు వెతకండి, దొరక్కపోతే మాస్కింగ్ టేపును మధ్యకు మడిచి కొయ్యండి. 15 మీటర్ల హోస్ చుట్ట మొత్తం కావాలంటే 62 సెంటీమీటర్ల టేపు. అర మిల్లీమీటరు మందం టేపుతో అంతా చుడితే చుట్ట 20 మిల్లీమీటర్లు దాటుతుంది. అసలు చుట్ట వ్యాసం 40, 45 సెంటీమీటర్లు, అంటే 17 నుంచి 19 దగ్గర ఆగాలి. లోపల ఖాళీగా ఉంచి పైన పొరలే చుట్టండి, ఎవరూ విప్పి కొలవరు.

పునాదికోటు:
ఇప్పుడు వరస చెప్పేస్తాను, మొదట అడిగిందే.

రంగు ముట్టకముందే క్యాబు లోపలి తొట్టి, ఇంజిన్ మూత, జంప్ సీట్లు టేపుతో నిలబెట్టి, పైన క్యాబు పెట్టి చూడండి. తొట్టి అర మిల్లీమీటరు పైకి లేచినా కప్పు కూర్చోదు. ఆ సంగతి రంగులన్నీ అయ్యాక తెలిస్తే గీకేది పూర్తయిన పని మీదే. క్రోమ్ పార్టుల అతుకు చోట్ల క్రోమ్ గీకెయ్యండి, ప్లాస్టిక్ సిమెంటు క్రోమ్ మీద పట్టదు.

తర్వాత క్యాబు లోపలివైపు రంగులు: కప్పుకు సిల్వర్, బూడిద. ఆరాక కిటికీలు, జంప్ సీటు వైపు తెరిచిన చోటు అన్నీ లోపలి నుంచి మెత్తని స్పాంజి ముక్కలతో కూరి, అంచులు టేపు వేసి, అప్పుడు బయటి ఎరుపు. తలుపు లోపలి రేకుకూ అదే రోజు అదే సీసాలోంచి వెయ్యండి. వేరే రోజు కలిపిన ఎరుపు పక్కన పెడితే పట్టిస్తుంది. తొట్టి, సీట్లు, డ్యాష్ వేరుగా పూర్తి చేసి కిందనుంచి ఎక్కించాలి. మెలికల తీగ తొట్టి ఎక్కించాకే, లేకపోతే ఎక్కించేటప్పుడు అంచుకు తగులుకుంటుంది. అద్దం అన్నిటికంటే చివర.

ఎర్రబండి25:
వరస రాసుకున్నాను. ఇంకొక్కటే. ఇక్కడ వారం రోజులుగా వర్షం. ఎరుపు ల్యాకర్ ఇప్పుడు వెయ్యొచ్చా?

బెజవాడ_బ్రష్:
ఆగండి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు ల్యాకర్ థిన్నరు వేగంగా ఆవిరై పార్టు చల్లబడుతుంది, తేమ దాని మీద చేరి రంగు పాలిపోతుంది. ముదురు ఎరుపు మీద తెల్లని పొగలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇప్పటికే అలా అయి ఉంటే గీకొద్దు. ఎండ వచ్చిన రోజున రిటార్డరు (ఆరడం నెమ్మదింపజేసే ద్రవం) కలిపిన థిన్నరు ఒట్టిది పలచగా చిమ్మితే చాలావరకు పోతుంది. ఎండాకాలంలో ఉల్టా, అక్రిలిక్ నాజిల్ కొసనే ఆరిపోతుంది. అప్పుడు రిటార్డరు నూటికి ఐదు నుంచి పది పాళ్లు.

ఈ వారం డ్యాష్, సీట్లు, సిలిండర్లు బ్రష్‌తో చేసుకోండి. వాటికి వర్షం అడ్డు కాదు.

ఓరుగల్లు_స్కేల్:
ఎర్రబండి అన్నా, సిల్వర్ వేసినంక రెండు రోజులాగి ఒక ఫొటో పెట్టు. గులాబీ మళ్ల తేలిందా లేదా చూడాలె. నా దగ్గర గదే ఎర్ర ప్లాస్టిక్ డబ్బా ఇంక విప్పలే.